"ఏ అంశం మీద చేస్తావమ్మా?"

మా ఆడపడుచు ఎం.ఏ. తెలుగు ఫస్టు క్లాసులో పాసై పన్నెండేళ్లయింది. పెళ్లి, ఇద్దరు పిల్లలు, మూడు ట్రాన్స్‌ఫర్లు... సర్టిఫికెట్లు బీరువాలో పట్టుచీరల కిందకి చేరాయి. ముప్ఫయ్యారో ఏట పిహెచ్.డి. చేస్తానంది. "ఇప్పుడెందుకే నీకు?" అన్నారు మా అత్తగారు.

కష్టపడి నెట్ పాసయింది. యూనివర్సిటీ ఇంటర్వ్యూకి వెళ్తే "ఏ అంశం మీద చేస్తావమ్మా?" అని అడిగారట. "మీరేదిచ్చినా చేస్తానండీ" అందిట. సీటు రాలేదు. "వినయంగానే చెప్పాను కదా వదినా!" అని ఒకటే ఏడుపు.

కొత్తకోడలికి నప్పే వినయం పరిశోధనకు పనికిరాదు మరి! అంశం మనమే వెతుక్కోవాలి, దానికి తగిన గైడునూ మనమే చూసుకోవాలి. 2022 యు.జి.సి. నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు మాత్రమే చేయాలి. మూడేళ్లలోపు రిటైరయ్యేవారు కొత్తవారిని తీసుకోకూడదు. కాబట్టి ఏ విభాగంలో ఎవరు ఏ అంశంలో పనిచేస్తున్నారో, వారి దగ్గర ఖాళీ ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

పి.జి.లో 55 శాతం మార్కులుండాలి. రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. జె.ఆర్.ఎఫ్. ఫెలోషిప్‌కి ఆడవాళ్లకు 35 ఏళ్లు దాటకూడదు గానీ, పిహెచ్.డి. ప్రవేశం కోసం నెట్ రాయడానికి వయసు అడ్డు కాదు. జె.ఆర్.ఎఫ్. రానివారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ మార్కులు ఏడాదే చెల్లుతాయి కనుక మా అమ్మాయి మళ్లీ పరీక్ష రాయాల్సి వచ్చింది.

ఈసారి రాత్రిళ్లు అంట్లు తోముకున్నాక 'శోధగంగ' వెబ్‌సైట్ తెరిచి కూర్చునేది. దేశంలోని యూనివర్సిటీల సిద్ధాంత గ్రంథాలెన్నో అందులో ఉచితంగా చదవొచ్చు. ఎవరు ఏం చేశారో చూసి, ఎవరూ చేయనిది వెతికింది. చివరికి అది ఇంట్లోనే దొరికింది. మా అత్తగారి ఊళ్లో పాడే దంపుళ్ల పాటలు! "ఇప్పుడెందుకే" అన్న ఆవిడే ఇప్పుడు సెల్‌ఫోను ముందు కూర్చుని గొంతు సవరించుకుంటున్నారు.

ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. మామూలు గడువు ఆరేళ్లయితే, రీరిజిస్ట్రేషన్‌తోనూ ఆడవాళ్లకిచ్చే సడలింపుతోనూ పదేళ్ల దాకా పొడిగించుకోవచ్చు. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు మొత్తం మీద 240 రోజుల వరకు సెలవు ఇవ్వొచ్చు. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సొస్తే, నిబంధనలకు లోబడి పరిశోధనను అక్కడి యూనివర్సిటీకి మార్చుకోవచ్చు.

వచ్చే వారమే ఇంటర్వ్యూ. సీటు వస్తుందో రాదో చెప్పలేం. కానీ, "ఈసారీ ఆ ప్రశ్నే అడిగితే బావుణ్ణు వదినా" అంటోంది.

మీ పట్టుచీరల కింద కూడా సర్టిఫికెట్లున్నాయేమో, ఒకసారి చూసుకోండి!