గుండెమీది బిళ్ల

తెలుగులో 'బిళ్ల' అన్న మాటకు ఉన్న చనవు ఇంతంత కాదు. జేబులో పడితే రూపాయి బిళ్ల. జబ్బు చేస్తే మందుబిళ్ల. ఆడపిల్ల వాలుజడలో మెరిస్తే జడబిళ్ల. వాకిట గళ్లు గీసి ఒంటికాలితో గెంతితే తొక్కుడుబిళ్ల. వీధిలో కర్రతో ఎగరగొడితే బిళ్లంగోడు. ఆటకూ బిళ్లకూ మన భాషలో ముందునుంచీ పొత్తు ఉన్నదన్న మాట.

ఇవన్నీ ఒక ఎత్తు, బిళ్లబంట్రోతు ఒక ఎత్తు. అడ్డపట్టాకు ఇత్తడి బిళ్ల తగిలించుకొని కచ్చేరీ గుమ్మం ముందు నిలబడే ఆ మనిషిని చూచి పల్లెటూరి రైతు గుండె ఝల్లుమనేది. ఆ బిళ్లకు ఉర్దూలో చప్రాస్ అని పేరు. దానిని ధరించినవాడు చప్రాసీ. రైల్వే స్టేషనులో మూటలు మోసే కూలీ కట్టుకొనే అంకెల ఇత్తడి ముక్కను హైదరాబాదు పాతబస్తీవారు బిల్లా అంటారు. తెలుగు బిళ్ల, ఉర్దూ బిల్లా ఈ నగరంలో ఇరుగుపొరుగు మాటలు. వీటన్నింటికీ ఒక సామాన్య లక్షణం కలదు: ఇవి పైవారు ఇచ్చినవి. ధరించినవాని ఇష్టానిష్టాలతో వాటికి పని లేదు. 'నేను ఫలానావారి మనిషిని' అని చాటడమే వాటి ఉద్యోగం.

దీనికి పూర్తిగా భిన్నమైన బిళ్ల మరొకటి ఉన్నది. దానిని ఎవరూ కట్టబెట్టలేదు. ఒక జట్టుమీదనో, ఒక ఆటగానిమీదనో మనసుపడిన సామాన్యుడు తనంతట తాను సంపాదించి, చొక్కాకు గుండెమీద గుచ్చుకొన్నాడు. 'ఫలానావారు నా మనుషులు' అని చెప్పడం ఆ బిళ్ల చేసే పని. వెనుక పిన్నీసు, ముందు బొమ్మ. వెల చూస్తే కొద్ది. కాని దానిమీద ఉన్న పేరును బట్టి ఒక కాలాన్నే చదువుకోవచ్చును.

ఒకే ఏడు రెండు పుట్టుకలు

ఈ బిళ్ల చరిత్రలో 1896వ సంవత్సరం ముఖ్యమైనది. ఆ సంవత్సరం ఏప్రిల్ నెలలో గ్రీసు దేశపు ఏథెన్సు నగరంలో ఆధునిక ఒలింపిక్కు క్రీడలు మొదటిసారి జరిగినవి. క్రీడాకారులు ఎవరో, న్యాయనిర్ణేతలు ఎవరో, అధికారులు ఎవరో తెలియడానికి వారికి రంగురంగుల అట్టబిళ్లలు ఇచ్చారు. నేడు ఒలింపిక్కు క్రీడలలో దేశదేశాలవారు ఒకరితో ఒకరు మార్చుకొనే పిన్నుల వంశానికి ఆ అట్టముక్కలే మూలపురుషులు.

ఆ తరువాత మూడు నెలలకు, జూలైలో, అమెరికాలోని నూవార్కు నగరపు వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ పిన్ను గల గుండీబిళ్లకు పేటెంటు హక్కు పొందింది. దాని నిర్మాణం ఎంతో సులువు. గుండ్రని పలుచని రేకు. దానిపై రంగులలో అచ్చువేసిన కాగితం. ఆ కాగితంమీద గాజువలె తేటగా ఉండే సెల్యులాయిడు పొర. అప్పటి సినిమా ఫిల్మునకు వాడిన పదార్థమే అది. ఈ మూడింటి అంచులనూ వెనుకకు మడిచి లోహపు కట్టుతో బిగిస్తారు. ఆ కట్టు లోపలి గాడిలో తీగ సూది ఒదిగి కూర్చుంటుంది. అంతే. కంసాలి పని లేదు, కొలిమి లేదు. కాగితంమీద అచ్చుకాగలది ఏదైనా బిళ్లమీదికి ఎక్కవచ్చును. అదే ఏడు అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడిన మెకిన్లీ, బ్రయన్ల బొమ్మలు ఈ బిళ్లలపై ఆ దేశమంతటా తిరిగినవి.

రాజకీయాల వెనుకనే ఆటలు వచ్చినవి. మన క్రికెట్టుకు దూరపు చుట్టమని చెప్పదగిన బేస్‌బాలు అమెరికనులకు ప్రాణసమానం. 1910 మొదలు 1912 వరకు స్వీట్ కాపొరల్ అనే సిగరెట్ల పేరుతో బేస్‌బాలు ఆటగాళ్ల ముఖచిత్రాలు గల చిన్న బిళ్లలు వెలువడినవి. అంగుళంకంటె చిన్నవి, ఐనా వాటికోసం పిల్లలూ పెద్దలూ పోటీపడేవారు. వ్యాపారి ఉద్దేశం పొగాకు అమ్ముకోవడమే, సందేహం లేదు. కాని పొగ గాలిలో కలిసిపోయింది, బిళ్ల మిగిలింది. ఏ చరిత్ర గ్రంథంలోనూ ఒక వాక్యానికైనా నోచుకోని ఆటగాళ్ల ముఖాలు నూరేండ్ల తరువాత కూడ సేకరణకర్తల అరలలో ఉన్నవంటే, అది ఈ కొద్దిపాటి రేకుముక్కల చలువ.

క్రీడాసంఘాలు వాడే మరొక రకం బిళ్ల మన కంటికి ఎక్కువ పరిచితం. ఇత్తడి రేకుపై అచ్చు కొట్టి, పల్లాలలో రంగుగాజు పొడి నింపి, కాల్చి మెరుగుపెట్టినది. మన నగరపు నగల దుకాణాలలో మీనాపని అంటారు దీనినే. పాఠశాల నాయకుని రొమ్ముమీది బిళ్ల, స్కౌటు బాలుని బిళ్ల ఈ కోవలోనివి. ఆగస్టు 15న కాగితపు జెండాను గుండుసూదితో జేబుకు గుచ్చుకొన్న ప్రతి విద్యార్థికీ ఈ ముచ్చట ఎటువంటిదో వేరుగా చెప్పనక్కర లేదు.

ఒక బడిపంతులు, ఒక పోలీసు జట్టు

ఇక మన నగరంవైపు తిరిగి చూతము. ఏ జట్టుకోసం హైదరాబాదువారు గుండెమీద బిళ్ల ధరించదగును? ఈ ప్రశ్నకు మొదటి సమాధానం హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు ఒక ఉపాధ్యాయుడు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూలులోను, ఉర్దూ షరీఫ్ పాఠశాలలోను, దారుల్‌ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలోను పనిచేసినారు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది పిల్లల ఆటపాటల బాధ్యత వహించినారు. ప్రజలు ఆయనను 'రహీం సాబ్' అన్నారు. 1950లో సిటీ పోలీసు జట్టు శిక్షణ చేపట్టి, 1963లో కన్నుమూసేవరకు దానిని విడువలేదు.

ఆయన పద్ధతిలో బడిపంతులు లక్షణం కనిపిస్తుంది. కుడికాలివాటం ఆటగానిచేత ఎడమకాలితో ఆడించేవారు. ఎడమవాటం వానిచేత కుడికాలితో సాధన చేయించేవారు. బంతిని తనవద్దనే అట్టిపెట్టుకొని సొగసులు పోవడంకంటె, అందిన వెంటనే తోటివానికి అందించడమే మేలని నేర్పినారు. తరగతిలో వెనుకబడిన పిల్లవానిమీద దృష్టి పెట్టే గురువు బలహీనమైన కాలిని మరచునా?

ఫలితం లోకానికి తెలిసినదే. బొంబాయిలో జరిగే రోవర్సు కప్పును సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించింది. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో పదింటికి ఒకటిగా ఘోరంగా ఓడింది. నాలుగేండ్లకు, 1956లో, మెల్బోర్న్ ఒలింపిక్కులో ఆస్ట్రేలియాను నాలుగింటికి రెండుగా ఓడించి నాల్గవ స్థానం పొందింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆ కాలపు మన జంటనగరాల ముద్దుబిడ్డలు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను రెండింటికి ఒకటిగా గెలిచి భారతదేశం మరల ఆసియా స్వర్ణం తెచ్చుకొన్నది. మరుసటి ఏడు జూన్ 11న రహీం సాబ్ క్యాన్సరు వ్యాధితో మరణించినారు.

ఇంతటి కీర్తికి వెనుక సిగరెట్ల వ్యాపారి లేడు. ఉన్నవి పోలీసుశాఖ కొలువు, పాఠశాల మైదానం, వీధివీధి అభిమానం. అందుచేత ఆ కీర్తి వస్తువులలోకంటె మాటలలో ఎక్కువగా నిలిచింది. మాటకు ఒక చిక్కున్నది. చెప్పేవాడు ఉన్నంతవరకే అది ఉంటుంది. 2024లో 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం వచ్చి రహీం జీవితాన్ని తెరకెక్కించేవరకు, ఆయన పాఠాలు చెప్పిన ఊరిలోనే ఆయన పేరు వినని యువకులు ఎందరో!

పేర్లు మారుతవి

ఆటల చరిత్రలో జట్ల పేర్లంత చంచలమైనవి మరొకటి లేవు. ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత సిటీ పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా మారింది. 1961లో ఆ పేరుతోనే డ్యూరాండు కప్పు గెలిచింది. రోవర్సు కప్పు పోటీలే ఇప్పుడు జరగడం లేదు. అంతదూరం పోనేల? 2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్.సి. అనే వృత్తి జట్టు 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగు విజేత అయింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి, పేరే మార్చుకొన్నది. మూడేండ్ల క్రితం ఆ జట్టు చిహ్నాన్ని గర్వంగా ధరించిన బాలునివద్ద నేడు ఉన్నది చారిత్రక వస్తువు! జట్టు పోయింది, బిళ్ల మిగిలింది.

కనుకనే వీటిని పదిలపరచాలనడం. వస్తుసేకరణలో పాతబస్తీ ఎవరికీ తీసిపోయినది కాదు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ కూడబెట్టిన వస్తువులు 1951లో ప్రదర్శనశాలగా తెరవబడి, 1968నుండి మూసీ ఒడ్డున నేటి భవనంలో కొలువుతీరినవి. ఐతే, దంతపు కుర్చీనీ పాలరాతి విగ్రహాన్నీ భద్రపరచమని ఎవరూ చెప్పనక్కర లేదు. వాటి వెలయే వాటికి కాపలా. వెల లేని వస్తువులకు కాపలా ఎవరు? అవి ఇంటి డబ్బాలలో తుప్పుపట్టి, కడకు జుమ్మెరాత్ బజారు వంటి పాతసామాను సంతలలో కుప్పలపాలవుతవి. అక్కడ ఇత్తడి తూకానికి పోతుంది, రేకు పారవేతకు పోతుంది.

ఉపాధ్యాయులు చేయదగిన పని

విద్యార్థులు తపాలా బిళ్లలు సేకరించినట్లే క్రీడాబిళ్లలనూ సేకరించవచ్చును. దీనికి డబ్బుకంటె ఓపిక ముఖ్యం. తాతగారి పెట్టెలో, మేనమామ పాతకోటు జేబుమీద, పాఠశాల ఆటసామాను గదిలో వెదకవలెను. దొరికినదానిని ఇత్తడి చెంబువలె చింతపండుతో తోమరాదు. మీనా రంగు చెడుతుంది. గుండీబిళ్లను నీటిలో ముంచరాదు. పొరక్రింది కాగితం చీకిపోతుంది. పాత సెల్యులాయిడు త్వరగా అంటుకొనే పదార్థం, కనుక దీపానికీ పొయ్యికీ ఎడంగా ఉంచవలెను. ఎండ తగిలితే రంగులు వెలుస్తవి. పొడిబట్టతో మెల్లగా తుడిచి, గాలి తగిలే అట్టపెట్టెలో వేరువేరుగా ఉంచితే చాలును. వెనుకవైపు తప్పక చూడవలెను; చేసిన కంపెనీ పేరు, ఒక్కొక్కప్పుడు సంవత్సరం, అక్కడనే ఉంటవి.

వీటన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి. ప్రతి బిళ్లతో ఒక చీటీ ఉండవలెను. ఎవరి జట్టుది? ఏ సంవత్సరంలోది? ఎవరు ధరించారు? ఎవరినుండి మనకు వచ్చింది? ఈ నాలుగు ప్రశ్నలకు విద్యార్థి తన చేతివ్రాతతో సమాధానాలు వ్రాయవలెను. చీటీ లేని బిళ్ల మూగది. ఆ చీటీకోసం పిల్లవాడు తాతగారిముందు కూర్చుని అడిగే ప్రశ్నలే అతని మొదటి చరిత్ర పరిశోధన. తేదీలు బట్టీపట్టడం వేరు. ఆ తేదీన మైదానంలో నిలబడి చూచినవానిని అడిగి తెలుసుకోవడం వేరు. ఆ వృద్ధులు ఏటేటా తగ్గిపోతున్నారు. తులసీదాస్ బలరామ్ కూడ 2023లో వెళ్లిపోయినారు.

పాఠశాల క్రీడోత్సవాలు ప్రతి ఏటా వస్తవి. గెలిచిన జట్టుకు కప్పు ఇస్తారు. అది ప్రధానోపాధ్యాయుని బీరువాలో చేరుతుంది. దానితోపాటు పాఠశాల పేరు, సంవత్సరం వేసిన చిన్న బిళ్లను ప్రతి ఆటగానికీ ఇస్తే అయ్యే ఖర్చు స్వల్పం. గెలిచినవారికే కాదు, ఓడినవారికి కూడ ఇవ్వవలెను. హెల్సింకీలో ఓడినవారే మెల్బోర్న్‌లో నిలిచినారు గదా! బిళ్లలు పంచిన నాడే ఆడిన పిల్లలందరి పేర్లనూ పాఠశాల దస్త్రంలో వరుసగా వ్రాసి ఉంచవలెను. ఏబదియేండ్ల తరువాత ఏ పాతపెట్టెలోనో ఆ బిళ్ల దొరికినవానికి, ఆ పేర్లు ఎక్కడ ఉన్నవో వెదకుకొనే దారి ఉంటుంది.