కంపవాతం: వణుకు వేరు, మెలికలు వేరు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్నం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని కోసం అక్కడికి చేరాయి. వారి మనుమలు, మునిమనుమలు బయట బెంగాలీ, హిందీ మాట్లాడినా ఇంట్లో తాతతో, నానమ్మతో తెలుగే మాట్లాడతారు.

అలాంటి ఇంట్లో రైల్వేలో రిటైరైన ఒక తాతగారిని ఊహించుకుందాం. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఆయనకు పావుగంట పడుతోంది. సంతకం చీమల బారులా చిన్నదైపోయింది. పలకరిస్తే ముఖంలో నవ్వు కనిపించదు. ఒడిలో ఊరకే పెట్టుకున్న కుడిచేయి వణుకుతోంది. ఇంట్లోవారు కొందరు ‘వయసు మీద పడింది’ అంటారు, మరికొందరు ‘బద్ధకం’ అంటారు. కాని ఇవి పార్కిన్సన్ వ్యాధి లక్షణాలు కావచ్చు.

పేరు ఎలా వచ్చింది?

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగులను వర్ణిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. వారిలో కొందరిని ఆయన వీధిలో చూసి గమనించారు. తర్వాత ఫ్రెంచి వైద్యుడు షార్కో ఈ వ్యాధికి ఆయన పేరే పెట్టారు. మన ఆయుర్వేదంలో చెప్పే కంపవాతం లక్షణాలు దీనికి దగ్గరగా ఉంటాయి. ఇది అంటువ్యాధి కాదు. ఎక్కువగా అరవై దాటినవారికి వస్తుంది. కొందరికి యాభై ఏళ్ళలోపే రావచ్చు.

మెదడులో ఏం జరుగుతుంది?

మనం నడిచేటప్పుడు చేతులు వాటంతట అవే ఊగుతాయి. రెప్పలు కొట్టుకుంటాయి. వీటి గురించి మనం ఆలోచించం. అలవాటైన కదలికలు ఇలా సాఫీగా సాగడానికి డోపమిన్ అనే రసాయనం అవసరం. మధ్యమెదడులో నల్లగా కనిపించే ఒక చిన్న ప్రాంతంలోని నాడీకణాలు దాన్ని తయారుచేస్తాయి. పార్కిన్సన్ వ్యాధిలో ఈ కణాలు క్రమంగా నశిస్తాయి. లక్షణాలు బయటపడే నాటికే వాటిలో చాలా భాగం పోయి ఉంటుంది. కండరాలలో బలం ఉన్నా కదలిక మొదలుకావడమే కష్టమవుతుంది. అందుకే ఈ నెమ్మదిని బద్ధకం అనడం అన్యాయం.

వణుకు అందరిలోనూ ఉండదు. ఉన్నవారిలో అది చేయి విశ్రాంతిగా ఉన్నప్పుడు సెకనుకు 4 నుంచి 6 సార్లు వస్తుంది. గ్లాసు అందుకోబోతే సాధారణంగా తగ్గుతుంది. వాసన తెలియకపోవడం, మలబద్ధకం వంటివి కొందరిలో ఎన్నో ఏళ్ళ ముందే మొదలవుతాయి.

దూలగొండి గింజలో మందు

డోపమిన్ తగ్గితే దాన్నే మాత్రగా ఇవ్వవచ్చు కదా? వీలుకాదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న వడపోతను డోపమిన్ దాటలేదు. లెవోడోపా దాటగలదు. లోపలికి చేరాక అది డోపమిన్‌గా మారుతుంది. మన పల్లెల్లో ఒళ్ళు దురద పుట్టించే దూలగొండి కాయ ఉంది కదా, దాని గింజల నుంచి 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు లెవోడోపాను వేరుచేశారు. పార్కిన్సన్ రోగులకు అది ఉపయోగపడుతుందని 1960 దశకంలో తేలింది. అలాగని గింజలు దంచుకుని తినకూడదు. ఏ గింజలో ఎంత మందు ఉందో తెలియదు.

లెవోడోపా వ్యాధిని నయం చేయదు, కదలికను తిరిగి ఇస్తుంది. అయితే రైలుకున్నట్టే దీనికీ టైంటేబుల్ ఉంది. వేళ తప్పితే శరీరం బిగుసుకుపోతుంది. పప్పు, పాలు, మాంసం వంటి వాటిలోని మాంసకృత్తులు కూడా లెవోడోపా వెళ్ళే దారినే వాడుకుంటాయి. అందుకే సాధారణంగా భోజనానికి అరగంట ముందు గాని, తిన్న గంట తర్వాత గాని మాత్ర వేసుకోమంటారు. డాక్టరు చెప్పకుండా మందు హఠాత్తుగా ఆపడం ప్రమాదకరం. వాంతులు తగ్గించే కొన్ని మందులు ఈ వ్యాధిని ఎక్కువ చేస్తాయి. కాబట్టి ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ఈ జబ్బు సంగతి ముందే చెప్పాలి.

మాట మారితే మోతాదు మారుతుంది

కొన్నేళ్ళు మందు వాడాక కొందరిలో మరో రకం కదలిక మొదలవుతుంది. ఒళ్ళు, మెడ, చేతులు తమంత తాము మెలికలు తిరుగుతాయి. ఇది ఎక్కువగా మందు పూర్తిగా పనిచేసే సమయంలో వస్తుంది. వణుకు సాధారణంగా మందు చాలనప్పుడు పెరుగుతుంది. ఒకదానికి మోతాదు పెంచవలసి రావచ్చు, రెండోదానికి తగ్గించవలసి రావచ్చు.

తాతగారు తెలుగులో ఈ రెండింటినీ వేరువేరుగానే చెబుతారు. పక్కనున్న మనుమడు రెండింటినీ హిందీలో ‘కాంప్ రహా హై’ అనేస్తే డాక్టరుకు వణుకు ఒక్కటే వినిపిస్తుంది. అనువాదంలో జారిన ఒక మాట మందు చీటీలో పొరపాటు కావచ్చు. అందుకే ఒక నోటుపుస్తకం పెట్టండి. మాత్ర వేసిన వేళ, శరీరం బిగిసిన వేళ, బాగా తిరిగిన వేళ, మెలికలు వచ్చిన వేళ రాయండి. నిద్ర, దిగులు, లేనివి కనిపించడం వంటివీ చేర్చండి. మాటల్లో చెప్పలేకపోతే ఆ కదలికను మీరే చేసి చూపించండి.

అడుగు ఆగితే

గుమ్మం దగ్గరకు రాగానే కాళ్ళు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోవడం కొందరిలో కనిపిస్తుంది. అప్పుడు చేయి పట్టి లాగితే పడిపోతారు. ఒక్క క్షణం ఆగి, బరువును ఒక కాలి మీదికి మార్చి, ‘ఒకటి, రెండు’ అని లెక్కిస్తూ అడుగు వేయమనాలి. పట్టాల కింది స్లీపర్లలా సమాన దూరంలో నేలమీద రంగు టేపు అతికిస్తే, ఆ గీతలను దాటుతూ చాలామంది నడవగలుగుతారు. తనంతట తాను సాగని అడుగును కంటికి కనిపించే గుర్తు నడిపిస్తుందన్నమాట. రోజూ నడక, వ్యాయామం మేలు చేస్తాయి.

మందులతో అదుపు కాని కొందరికి మెదడు లోతుల్లో సన్నని తీగలు అమర్చి విద్యుత్తు పంపే శస్త్రచికిత్స ఉంది. అది ఎవరికి తగునో నాడీవైద్య నిపుణులే నిర్ణయించాలి. ఆ నిర్ణయానికీ వారు మొదట అడిగేది రోజంతా శరీరం ఎలా ఉంటోందన్న సంగతే. దానికి సరైన జవాబు ఇంట్లో రెండు భాషలు తెలిసిన విద్యార్థి దగ్గర ఉండవచ్చు.