ప్రార్థన చీటీలో యూఎస్‌డీటీ: క్రిప్టో, ట్రేడింగ్ మాటలకు అర్థాలు

ఒక శుక్రవారం ఉపవాస కూడికలో, ఎల్బీనగర్ నుంచి వచ్చే ఒక సహోదరుడు మాకు ప్రార్థన చీటీ ఇచ్చాడు. “నా యూఎస్‌డీటీ విత్‌డ్రాయల్ అప్రూవ్ అయ్యేలా ప్రార్థించండి అయ్యగారూ” అని రాసి ఉంది. అదేమిటో మాకు తెలియలేదు. వీసాకు సంబంధించినదేదో అనుకున్నాం. చేతులెత్తి ప్రార్థించాం, సంఘమంతా ఆమేన్ అంది. రెండు వారాల తరువాత ఆయన భార్య ఏడుస్తూ వచ్చి చెబితే గానీ సంగతి బోధపడలేదు. లోపల ఉన్న డబ్బు బయటికి రావాలంటే ముందు ‘టాక్స్’ కట్టాలని ఆ యాప్ వాళ్లు అడుగుతున్నారట. అప్పటికే రెండుసార్లు కట్టాడు. కూడిక ముగించుకుని ఇంటికి వెళ్లిన ఆ రాత్రే మూడోసారీ కట్టాడు. సంఘం ప్రార్థించింది గనుక ఈసారి తప్పక వస్తుందన్న ధైర్యంతో కట్టాడు.

మాకు ఆ మాటకు అర్థం తెలిసి ఉంటే, ఆ సాయంత్రమే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చేయించి ఉండేవాళ్లం. సెమినరీలో మాకు గ్రీకు నేర్పారు, హెబ్రీ కొంత నేర్పారు, ఇది నేర్పలేదు. కాబట్టి మా సంఘంలోని యౌవనస్థుల దగ్గర, బ్యాంకులో పనిచేసే ఒక సహోదరి దగ్గర కూర్చుని నేర్చుకున్నాం. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల పొడవునా ఉన్న కోచింగ్ బోర్డుల మధ్య ఇప్పుడు ట్రేడింగ్ నేర్పుతామనేవీ కనిపిస్తున్నాయి. హాస్టళ్లలో ఉండి ఉద్యోగాలకు చదువుకునే పిల్లల నోట ఈ మాటలు మామూలైపోయాయి. తల్లిదండ్రులకూ కాపరులకూ మాత్రం కొత్త.

మొదట క్రిప్టో అంటే ఏమిటో చూద్దాం. ప్రభుత్వం గానీ బ్యాంకు గానీ విడుదల చేయని, కంప్యూటర్ల మీద మాత్రమే నడిచే నాణెం అది. వాటిలో మొదటిది బిట్‌కాయిన్. సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008లో ఎవరో దాని పద్ధతిని రాసి బయటపెట్టారు. 2009 జనవరిలో అది నడవడం మొదలైంది. మొత్తం 2 కోట్ల 10 లక్షల నాణేలకు మించి పుట్టకుండా నియమం పెట్టారు. బ్లాక్‌చెయిన్ అంటే ఆ లెక్కల పుస్తకం. మన సంఘంలో కానుకల లెక్క కోశాధికారి దగ్గర ఒక్క పుస్తకంలో ఉంటుంది. అదే పుస్తకం నకలు సంఘస్థులందరి ఇళ్లలోనూ ఉండి, ఒకరు రాస్తే అందరి పుస్తకాల్లోనూ పడుతూ, రాసినదాన్ని ఎవరూ కొట్టివేయలేకపోతే ఎలా ఉంటుందో బ్లాక్‌చెయిన్ అలా ఉంటుంది. దీనిలో మంచి ఉంది, ప్రమాదమూ ఉంది. పొరపాటున వేరేవారికి పంపితే వెనక్కి తెప్పించడానికి మేనేజరు లేడు.

మన రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరులో ప్రయోగాత్మకంగా ప్రజలకు ఇచ్చిన డిజిటల్ రూపాయి వేరు, ఇది వేరు. అది మన రూపాయే. క్రిప్టో మన దేశంలో చట్టబద్ధమైన చెల్లింపు నాణెం కాదు. అలాగని నిషేధమూ లేదు. బ్యాంకులు క్రిప్టో వ్యాపారులకు సేవలు ఇవ్వకూడదని 2018లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌ను 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ‘గవర్నమెంట్ అప్రూవ్ చేసింది బ్రదర్’ అని ఎవరైనా అంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

వాలెట్ అంటే నాణేలు పెట్టుకునే సంచి అనుకుంటాం. నిజానికి అందులో ఉండేది తాళంచెవి. ఆ తాళంచెవికి మూలం సీడ్ ఫ్రేజ్: 12 లేదా 24 మామూలు ఇంగ్లిషు మాటల వరస. అది పోతే మీ డబ్బు మీకు దొరకదు; అది ఎవరికైనా తెలిస్తే డబ్బు వారిదైపోతుంది. కస్టమర్ కేర్ అని చెప్పినా, సంఘపెద్ద అని చెప్పినా, ఎవరికీ చెప్పకూడదు. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టుకోకూడదు.

ఎక్స్ఛేంజ్ అంటే కొనేవారూ అమ్మేవారూ కలిసే మార్కెట్. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో మామిడి వేలం చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ‘ఎంతైనా సరే ఇప్పుడే కావాలి’ అంటే మార్కెట్ ఆర్డర్. ‘ఈ ధరకు వస్తేనే తీసుకుంటా’ అంటే లిమిట్ ఆర్డర్. ‘ధర ఇంతకు పడితే ఇక ఆగకుండా అమ్మేయ్’ అని ముందే చెప్పి ఉంచితే స్టాప్ లాస్. ఎక్స్ఛేంజ్‌లో పెట్టిన నాణేల తాళంచెవి మన దగ్గర ఉండదు, వాళ్ల దగ్గర ఉంటుంది. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే భారతీయ ఎక్స్ఛేంజ్ నుంచి హ్యాకర్లు సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు ఎత్తుకుపోయారు. వాటితో ఏ సంబంధమూ లేని మామూలు ఖాతాదారులు తమ క్రిప్టోను తాకలేక ఏడాదికి పైగా ఎదురుచూశారు.

ఆ చీటీలోని యూఎస్‌డీటీ ఏమిటంటే, ఒక నాణెం ఒక అమెరికా డాలరు విలువతో నిలిచి ఉండేలా చేసిన నాణెం. ఇలాంటివాటిని స్టేబుల్‌కాయిన్లు అంటారు. ధర నిలకడగా ఉంటుంది, దేశాలు దాటించడం సులువు. మోసగాళ్లకు అది ఇష్టమైనది కావడానికి కారణమూ అదే. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన ఒక ముఠా దేశమంతటా 15 వేల మందికి పైగా ప్రజల నుంచి 712 కోట్ల రూపాయలు లాగిందని లెక్క తేలింది. ఇంట్లో కూర్చుని రివ్యూలు, రేటింగులు ఇస్తే డబ్బిస్తామని టెలిగ్రామ్‌లో మొదలుపెట్టి, మొదట చిన్న చిన్న లాభాలు నిజంగానే చెల్లించి, తరువాత పెద్ద మొత్తాలు పెట్టించారు. ఆ డబ్బు క్రిప్టోగా మారి దేశం దాటింది. కేసు కదిలింది మన నగరవాసి ఒకరు సుమారు 28 లక్షలు పోగొట్టుకుని ఫిర్యాదు చేయడంతో.

ఇక్కడ హాస్టల్ పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పీ2పీ అంటే ఎక్స్ఛేంజ్ ద్వారా పరిచయమైన ఒక మనిషి నుంచి ఇంకో మనిషి నేరుగా కొనడం. మన పిల్లవాడు యూఎస్‌డీటీ అమ్ముతాడు, ఎవరో తెలియనివాడు రూపాయలు పంపుతాడు. ఆ రూపాయలు ఎవరినో మోసం చేసి తెచ్చినవైతే, పోలీసుల దర్యాప్తులో స్తంభించిపోయేది మన పిల్లవాడి ఖాతా. ఇంతకన్నా చెడ్డది మ్యూల్ అకౌంట్. ‘నీ ఖాతా, ఏటీఎం కార్డు ఇవ్వు, కమీషన్ ఇస్తాం’ అంటారు. అయిదు వేలకు ఆశపడి ఇచ్చినవాడు నేరంలో ముద్దాయి అవుతాడు.

ట్రేడింగ్ మాటల్లో అత్యంత ప్రమాదకరమైనది లెవరేజ్. నాగోలు, హయత్‌నగర్ వైపు ప్లాట్లు కొన్నవారికి బయానా తెలుసు. కొద్దిపాటి బయానాతో పెద్ద ప్లాటు మీద చేయి వేస్తాం. లెవరేజ్ కూడా అంతే; మనం పెట్టే బయానాను మార్జిన్ అంటారు. పది వేలు పెట్టి 20 రెట్ల లెవరేజ్ తీసుకుంటే రెండు లక్షల సరుకు మన పేరు మీద ఉన్నట్టు. ధర 5 శాతం పెరిగితే పది వేలు ఇరవై వేలవుతాయి. 5 శాతం తగ్గితే పది వేలూ పోతాయి. నిజానికి అంతదాకా కూడా రానివ్వరు. కాస్త ముందే యంత్రం దానంతట అది అమ్మేస్తుంది. దాన్నే లిక్విడేషన్ అంటారు. ప్లాటు ధర పడిపోతే బతిమాలి రెండు నెలల గడువు అడగవచ్చు. ఇక్కడ అడగడానికి ఎవరూ లేరు. బిట్‌కాయిన్ ధర ఒక్క రోజులో 5 శాతం కదలడం వింత కాదు. మన నిద్రలో జరిగిపోతుంది.

క్రిప్టో ఎందుకు, షేర్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేస్తాం అనేవారూ ఉన్నారు. అవి చట్టబద్ధమైనవే, సెబీ పర్యవేక్షణలో ఉన్నవే. అదే సెబీ 2024లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం మూడేళ్లలో వాటిలో దిగిన మామూలు వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైమాటే. కూడికలో సాక్ష్యం చెప్పడానికి లేచేది మిగిలిన ఏడుగురిలో ఒకరు. తొంభై ముగ్గురు మౌనంగా కూర్చుంటారు.

పన్ను సంగతి చాలామందికి తెలియదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిపై సెస్సు. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. ఒక నాణెంలో లక్ష లాభం, మరొకదానిలో 80 వేలు నష్టం వస్తే చేతిలో మిగిలింది 20 వేలే. పన్ను మాత్రం లక్ష మీద 30 వేలు, సెస్సుతో 31,200. అమ్మినప్పుడు ఒక శాతం టీడీఎస్ వేరు. ఈ పన్ను ఆదాయపు పన్ను శాఖకు వెళుతుంది. టీడీఎస్‌ను అమ్మిన సొమ్ములోంచే మినహాయించుకుంటారు; మిగతాది మనం రిటర్నులో చూపి కడతాం. మీ డబ్బు విడిపించడానికి ‘ముందు టాక్స్ పంపండి’ అని యాప్ అడిగితే అది పన్ను కాదు, మోసం. అక్కడ తెరమీద కనిపించే అంకెలు వట్టి అంకెలు. వెనక నాణెమే లేదు.

రెఫరల్, స్టేకింగ్, రోజుకు ఒక శాతం అనే మాటల గురించి క్లుప్తంగా. స్టేకింగ్ అనే పద్ధతి నిజంగా ఉంది, కానీ రోజువారీ లాభానికి గ్యారంటీ ఇవ్వడం దానిలో లేదు. ఇద్దరిని చేరిస్తేనే రాబడి వచ్చేదైతే అది పాత గొలుసు పథకమే. తలాంతుల ఉపమానం చూపించి మన విశ్వాసులను చేర్చుతున్నవారు ఉన్నారని విన్నాం. ఆ దాసులు వ్యాపారం చేశారు, యజమానికి లెక్క అప్పగించారు. నీ కింద ఇద్దరిని చేర్చు అని వారిని ఎవరూ అడగలేదు. సంఘం వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి లింకులు పెట్టనివ్వకండి. మందిర నిర్మాణ నిధి ‘కొన్నాళ్లు తిప్పి ఇస్తాం’ అన్నవారికి, వారెంత ప్రార్థనాపరులైనా సరే, ఇవ్వకండి.

ఇప్పటికే డబ్బు పంపినవారు సిగ్గుపడి ఆలస్యం చేయవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. మొదటి కొన్ని గంటల్లో చెబితే, డబ్బు ఇంకా ఏదో ఒక బ్యాంకు ఖాతాలో ఉంటే, దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. క్రిప్టోగా మారాక చాలా కష్టం. పోయిన డబ్బు తెచ్చిపెడతామని ఆ తరువాత ఫోన్ చేసేవారు కూడా మోసగాళ్లే.

ఆ సహోదరుడు ఫిర్యాదు ఇచ్చాడు. మూడోసారి కట్టిన దానిలో కొంత ఒక ఖాతాలో ఆగి ఉందని తెలిసింది. కోర్టు ఉత్తర్వు కోసం చూస్తున్నాడు. మేము మాత్రం ప్రార్థన చీటీల్లో తెలియని మాట కనిపిస్తే, ప్రార్థనకు ముందే చీటీ ఇచ్చినవారిని పక్కకు పిలిచి మూడు సంగతులు అడుగుతున్నాం: యాప్ పేరేమిటి, మీకు చెప్పిందెవరు, చివరిసారి డబ్బు ఎప్పుడు పంపారు.