అంగిలిపై పుండ్లన్నీ రాచపుండ్లు కావు – ముక్కపరీక్షతోనే నిర్ధారణ

పరవాడ: నోటి అంగిలిపై పుండు కనిపించగానే క్యాన్సర్‌గా తీర్మానించడమూ, మామూలు పుండేనని వదిలివేయడమూ రెండూ ప్రమాదకరమే. ఉత్తరాంధ్ర తీరప్రాంతంలో ఈ రెండు పొరపాట్లకూ ఆస్కారం అధికం. చుట్ట నిప్పు కొసను నోటి లోపల ఉంచి పీల్చే ‘అడ్డపొగ’ అలవాటు ఈ ప్రాంత గ్రామాలలో, ముఖ్యంగా స్త్రీలలో, తరతరాలుగా ఉండడమే ఇందుకు కారణం. ముత్యాలమ్మపాలెం వంటి మత్స్యకార గ్రామాలు గల పరవాడ మండలం 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడే వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది.

శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరీక్షించిన పిండ్‌బోర్గ్, మెహతా బృందం నివేదిక 1971లో వెలువడింది. వారిలో 40 శాతానికి పైగా అడ్డపొగ త్రాగేవారే. ఇతర ప్రాంతాలలో గట్టి అంగిలికి క్యాన్సర్ సోకడం అరుదు. నిప్పు వేడిమి, పొగ నేరుగా అంగిలికి తగులుతున్నందున ఇక్కడ మాత్రం అది తరచుగా కనిపిస్తుంది. అందువలన ఈ ప్రాంత వైద్యులు అంగిలి పుండును అనుమానంతో చూడడం సమంజసమే. అయితే అనుమానం నిర్ధారణ కాజాలదు.

నోటిలో 600 నుండి 1,000 వరకు చిన్న లాలాజల గ్రంథులు ఉంటాయి. అంగిలి వెనుక భాగంలో ఇవి అధికం. ఏ కారణం చేతనైనా వీటికి రక్తప్రసరణ తగ్గినపుడు గ్రంథి కణజాలం నశించి, అక్కడ లోతైన పుండు ఏర్పడుతుంది. దీనికి ‘నెక్రోటైజింగ్ సయలోమెటాప్లేసియా’ అని పేరు. ఏబ్రమ్స్, మెల్‌రోజ్, హోవెల్ అనే నిపుణులు 1973లో దీనిని తొలిసారి వివరించారు. పంటి వైద్యంలో అంగిలికి ఇచ్చే మత్తు ఇంజక్షను, సరిగా అమరని కట్టుడు పళ్ల రాపిడి, దెబ్బ, పొగాకు, పదేపదే వాంతులు కావడం దీనితో సంబంధం గల కారణాలుగా గుర్తించబడ్డాయి. మొదట వాపు, తరువాత రెండు మూడు వారాలలో గుంటవలె పడిన పుండు. అంగిలి నుండి ఒక ముక్క ఊడిపడిందని చెప్పే రోగులు కూడా ఉంటారు. చూపరులకు అచ్చంగా రాచపుండే! అయినప్పటికీ సాధారణంగా ఐదు నుండి పది వారాలలో శస్త్రచికిత్స లేకుండానే అది మానిపోతుంది.

చిక్కు ఇంతటితో తీరదు. సూక్ష్మదర్శిని క్రింద కూడా ఇది క్యాన్సర్‌ను పోలి ఉంటుంది. గ్రంథి నాళాలలోని కణాలు పొలుసుల కణాలుగా మారడంతో, తీసిన ముక్క చిన్నదైనా, పైపైదైనా పొరపడే అవకాశం ఉన్నది. గ్రంథి ఖండికల అమరిక చెదరకుండా ఉన్నదా లేదా అనేదే ప్రధానమైన ఆనవాలు. అది తెలియాలంటే పుండు అంచుతో సహా తగినంత లోతు నుండి ముక్క తీయవలసి ఉంటుంది. ఈ జాగ్రత్త లోపించి, మానిపోయే పుండుకు అంగిలి ఎముకను కోసివేసిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి.

దీనికి విరుద్ధమైన పొరపాటూ ఉన్నది. మామూలుగా పొగత్రాగేవారి అంగిలి తెల్లబారి, దానిపై ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. వాచిన లాలాజల నాళాల ముఖద్వారాలే ఆ చుక్కలు. అలవాటు మానితే కొద్ది వారాలలో అంగిలి యథాస్థితికి వస్తుంది. దీనిని క్యాన్సర్‌కు పూర్వరూపంగా పరిగణించరు. అదే మార్పు అడ్డపొగ త్రాగేవారిలో కనిపిస్తే మాత్రం క్యాన్సర్‌గా మారగల స్థితిగానే ఎంచవలసి ఉంటుంది. నొప్పి లేకుండా నెమ్మదిగా పెరిగే నున్నని గడ్డ విషయంలోనూ ధీమా పనికిరాదు. చిన్న లాలాజల గ్రంథుల కణితులలో హానికరమైనవి గణనీయ సంఖ్యలో ఉంటాయి.

రెండు, మూడు వారాలకు మించి మానని పుండును ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో పూతమందులతో సరిపెట్టక పై ఆసుపత్రికి పంపడం అవసరం. విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రితో పాటు, పరవాడకు చేరువలోని అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నిర్వహణలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. ముక్కతో పాటు పంపే పత్రంలో పుండు ఎన్నాళ్లుగా ఉన్నదీ, ఇటీవల పంటి ఇంజక్షను చేయించుకున్నదీ లేనిదీ, రోగి చుట్టను ఏ వైపు నుండి కాలుస్తున్నదీ తప్పక వ్రాయాలి. హానిలేనిదని నివేదిక వచ్చిన తరువాత కూడా పుండు పూర్తిగా మానే వరకు రోగిని పరిశీలనలో ఉంచి, పది వారాలు దాటినా మానకపోతే ముక్కపరీక్షను మరల చేయించవలసి ఉంటుంది.