గనిలో ఖాళీని ఎందుకు నింపుతారు?

పెన్నా ఇసుకలో పిచ్చుకగూళ్లు కట్టని పిల్లలు మన కోవూరు ప్రాంతంలో ఉండరు. పాదం మీద తడి ఇసుక పోసి, తట్టి, మెల్లగా పాదం లాగేస్తే గూడు నిలుస్తుంది. పైన చేయి వేసి నొక్కితే కూలిపోతుంది. భూమి లోపలి గని కూడా ఇలాంటి గూడే. దాని మీద పడే బరువెంతో లెక్క కడదామా?

కర్ణాటకలోని కోలారు బంగారు గనుల్లో 1880లో ఆధునిక పద్ధతుల్లో తవ్వకం మొదలైంది. అక్కడి చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. రాతి సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములనుకోండి. 3 కిలోమీటర్ల లోతున ఒక్క చదరపు సెంటీమీటరు మీద, అంటే మీ వేలిగోరంత చోటు మీద, 3,00,000 × 2.7 = 8,10,000 గ్రాములు. అంటే 810 కిలోలు!

రాయి తవ్వి తీసేస్తే, అది మోసిన బరువు పక్కగోడల మీద పడుతుంది. గోడలు తట్టుకోలేకపోతే రాయి ఒక్కసారిగా పగిలి ఎగిరిపడుతుంది. కోలారులో ఇలాంటి రాతి పేలుళ్లు ఎందరో కార్మికుల ప్రాణాలు తీశాయి. అందుకే అక్కడ ఖాళీల్లో గ్రానైటు రాళ్లతో గోడలు పేర్చారు. తర్వాత కాంక్రీటు వాడారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

మన సింగరేణి బొగ్గు గనుల్లో వాడిన పద్ధతి వేరు. గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా గనిలోకి వదిలేవారు. నీరు వడిసిపోయి ఇసుక గట్టిగా కూర్చుంటుంది. కానీ పక్కనున్న ఖనిజాన్ని కూడా తవ్వితే ఆ ఇసుక జారిపోదా? దానికి విరుగుడు సిమెంటు. ఖనిజం తీయగా మిగిలిన రాతిపొడిలో నూటికి 3 నుంచి 8 పాళ్ల సిమెంటు, తగినంత నీరు కలిపి నింపితే, అది గట్టిపడి తనంతట తానే గోడలా నిలుస్తుంది. రాజస్థాన్‌లోని రాంపురా అగూచా జింకు గనిలో ఇలాంటి ముద్దనే నింపుతున్నారు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. ఇలాంటి ముద్ద గట్టిపడ్డాక చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోలే మోయగలదు. మరి 810 కిలోలను ఎలా ఆపుతుంది? ఆపదు! బియ్యం బస్తాను చూడండి. దాని మీద మరో నాలుగు బస్తాలు పేర్చవచ్చు. ఆ బరువు మోసేది గోనెసంచి కాదు, గింజలే. సంచి వాటిని పక్కకు జారకుండా పట్టి ఉంచుతుంది, అంతే. గనిలో నింపిన ముద్ద చేసే పనీ అదే. పక్కగోడలు లోపలికి కదలకుండా పట్టి ఉంచితే, బరువును ఆ రాయే మోసుకుంటుంది.

దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. వ్యర్థంగా గుట్టలు పడే రాతిపొడి తిరిగి భూమిలోకే చేరుతుంది. నది ఇసుక నదిలోనే ఉంటుంది.

చేసి చూడండి: మూడు కాగితపు కప్పులు తీసుకోండి. ఒకదానిలో పొడి ఇసుక, రెండోదానిలో తడి ఇసుక నింపండి. మూడోదానిలో 20 చెంచాల ఇసుకకు 1 చెంచా సిమెంటు, కొద్దిగా నీరు కలిపి నింపండి. సిమెంటును చేత్తో తాకకుండా, పెద్దల సాయంతో కలపండి. వారం తర్వాత కప్పులను మెల్లగా చించి తీయండి. పక్కన తవ్వినా నిలిచే గోడ ఏదో మీకే తెలుస్తుంది.