మహిమాయుధమును వీరుని రూపమును

కావ్యములందును జానపదకథలందును మహిమగల సాధనములు తరచుగా కన్పట్టుచుండును. కవచము, కుండలము, ఖడ్గము, కుంతము, వస్త్రము, పాదలేపము మున్నగునవి ధరించినవానికి సామాన్యులకు లేని శక్తి కలుగునని కథకుల యభిప్రాయము. శక్తి నొసగుట యొకటి. ధరించినవాని రూపమును మార్చుట వేరొకటి. ఈ రెండును ఒక్కటియే యని తలచుట కలదు గాని, గ్రంథములను శ్రద్ధతో పరిశీలించినచో నట్లు గాదని తేలును. మహిమాయుధము చేపట్టినవాని యాకృతి యేమగునను ప్రశ్నకు మన కవులు పలువిధములుగా సమాధానము చెప్పియున్నారు. కావ్యములలో లేని మరియొక సమాధానము పల్నాటిసీమలోని వీరపూజయందు నేటికిని నిలిచియున్నది. ఆ భేదమును నిరూపించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట నలోపాఖ్యానమును చూడనగును. నన్నయ తెనిగించిన యారణ్యపర్వభాగమున నిది యున్నది. కర్కోటకుడు నలుని కరచి వికృతరూపుని జేసెను. ఆ వికృతి యపకారము గాదు. రాజ్యభ్రష్టుడైన నలుని లోకము గుర్తింపకుండుటకై చేసిన మేలు. పిమ్మట నా నాగరాజు వస్త్రయుగ్మము నొసగి, నిజరూపము కావలసినప్పుడు తన్ను తలచి దానిని ధరింపుమని చెప్పెను. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని కొలువున నుండి, దమయంతిని గలసినప్పుడు వస్త్రమును ధరించి పూర్వరూపమును పొందెను. ఇచట సాధనము క్రొత్తరూపమును కల్పింపలేదు; మరుగుపడిన రూపమును వెలికి దెచ్చినది. వస్త్రధారణముతోబాటు స్మరణమును విధింపబడుట గమనింపదగినది. తలంపు లేనిచో నా వస్త్రము సామాన్యవస్త్రమే.

కర్ణుని కవచకుండలములు వేరొక తెఱగునకు జెందినవి. అవి యతనికి పుట్టుకతో వచ్చినవి; శరీరమునకు నాభరణమునకు నడుమ నెల్ల లేదు. ఇంద్రుడు బ్రాహ్మణవేషమున వచ్చి వానిని యాచించుట ఆరణ్యపర్వశేషముననే యున్నది. అద్దంకి రెడ్డిరాజగు ప్రోలయ వేమారెడ్డి యాస్థానమున నుండిన యెఱ్ఱాప్రెగడ యా శేషమును పూరించెను. కవచమును కోసి యిచ్చుటకు ముందు కర్ణుడు తన శరీరము వికృతము గాకుండవలెనని కోరినట్లు భారతకథ చెప్పుచున్నది. శక్తి పోవుటకు వెరువనివాడు రూపము చెడుటకు శంకించెను. మేనిలో భాగమైన సాధనము తొలగినప్పుడు మేనికే హాని కలుగునని దీని భావము. వానికి మారుగా నింద్రుడిచ్చిన శక్త్యాయుధమో, కర్ణుని రూపమున నే మార్పును గలిగింపలేదు. ఒక్క ఘట్టముననే రూపమైన సాధనము పోవుటయు, శక్తిమాత్రమైన సాధనము వచ్చుటయు కథ పక్కపక్కన నిలిపినది.

మూడవ యుదాహరణము విరాటపర్వమునందలిది. దానిని తెనిగించిన తిక్కన నెల్లూరి కవియైనను, ఆయన తాతయగు మంత్రిభాస్కరుని పేరు గుంటూరితో ముడివడియున్నది. పాండవులు తమ యాయుధములను శవాకారముగా గట్టి శమీవృక్షమున నుంచిరి. ఆయుధములకే మారువేషము వేయబడినదన్నమాట. వానిని విడిచిన పిదపనే యర్జునుడు బృహన్నలయై విరాటుని నగరు ప్రవేశించెను. గోగ్రహణసమయమున గాండీవము మరల చేతికి వచ్చినను, ఉత్తరుడు వెంటనే నమ్మలేదు. అర్జునుని దశనామములను విన్నపిదప గాని యతనికి విశ్వాసము కుదురలేదు. గాండీవము ధరించువానిని మార్చలేదు. చూచువానికి ధరించువాడెవ్వడో యెరుకపరచినది. ఆ యెరుకకును వాక్కు తోడు కావలసివచ్చినది.

నాల్గవది రూపముతో నేమియు సంబంధము లేని సాధనము. అల్లసాని పెద్దన మనుచరిత్రమున సిద్ధుడిచ్చిన పాదలేపము ప్రవరుని హిమవంతమునకు గొనిపోయెను. మంచునకు కరిగిపోయి యతనిని నిస్సహాయుని జేసెను. వచ్చినప్పుడును, చిక్కువడినప్పుడును ప్రవరుని రూపము ఒక్కటియే. పిదప ప్రవరుని రూపమును దాల్చి వరూధిని కడకు వచ్చిన గంధర్వుడో, ఏ లేపమును పూసికొనక మాయచేతనే యా రూపమును పొందెను. కవి శక్తిని సాధనమునకును, రూపమును మాయకును పంచియిచ్చి రెంటిని వేరుపరచెను.

ఈ నాలుగు తెఱగులయందును సామాన్యమైన దొకటి కలదు. సాధనమునకు ముందే నాయకునకు తనదగు రూపము కలదు. సాధనము దానిని దాచవచ్చును, తేవచ్చును, తెలుపవచ్చును, అంటకయే యుండవచ్చును. రూపమునకు యజమాని మాత్రము మనుష్యుడే. పల్నాటి వీరపూజయం దీ క్రమము తలక్రిందగును.

పల్నాటి యుద్ధము క్రీస్తుశకము 12వ శతాబ్దమున గురజాల, మాచర్ల పక్షముల నడుమ జరిగినది. గురజాల పక్షమున నలగామరాజునకు నాయకురాలు నాగమ్మయు, మాచర్ల పక్షమున మలిదేవునకు బ్రహ్మనాయుడును మంత్రులు. రణరంగము నాగులేటి యొడ్డున నున్న కారంపూడి. పూర్వగ్రంథములం దిది కార్యమపూడి. 2022వ సంవత్సరము వరకు గుంటూరు జిల్లాలో నుండిన యీ యూరు పిదప పల్నాడు జిల్లాలో చేరినది. శ్రీనాథకృతమని ప్రసిద్ధిగాంచిన ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతము గారు 1911లో పరిష్కరించి ప్రకటించిరి. వీరవిద్యావంతులు పాడు మౌఖికకథను అమెరికా దేశీయుడగు జీన్ రోఘైర్ సేకరించి, 1982లో నాంగ్లానువాదముతో గ్రంథముగా వెలువరించెను. ఈ రెండు మార్గములవలన వీరుల చరిత్రము పండితులకు సుపరిచితమైనది. మూడవ మార్గమగు పూజావిధానమునకు సాహిత్యవిమర్శలో తగినంత స్థానము లభింపలేదు.

కార్తిక బహుళ అమావాస్యనాడు ప్రారంభమై కారంపూడిలో వీరారాధనోత్సవము ఐదుదినములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యా దినములకు పేర్లు. చేలలో ప్రత్తి తీయుచు, మిరపపైరును కాపాడుకొనుచుండు కాలమున, వేర్వేరు గ్రామములనుండి వీరాచారవంతులు తమ వంశములయందు పరంపరగా వచ్చుచున్న యాయుధములను దీసికొని కారంపూడి చేరుదురు. వీనిని కొణతములందురు, దైవములనియు నందురు. కుంతమునకు కొంతమను రూపము నిఘంటువులయందు కలదు. కొణతమను మాట దానికి దగ్గరగా వినబడును. బ్రహ్మనాయునిది నృసింహకుంతమనియు, ఆయన పుత్రునిగా జూచుకొనిన మాల కన్నమదాసుది భైరవఖడ్గమనియు ప్రతీతి.

ఈ యాయుధములకు జరుగు నుపచారములను వరుసగా గమనింపవలెను. వానిని నాగులేటికి గొనిపోయి స్నానము చేయింతురు. పసుపుకుంకుమలు పూయుదురు. పూలదండలు వేయుదురు. వాద్యములతో నూరేగింతురు. స్నానము, అలంకారము, మాల్యధారణము, ఊరేగింపు అనునవి యన్నియు దేహమునకు జరుగవలసిన యుపచారములు. కావ్యములందు ఆయుధము వీరుని యలంకరించును. ఇచట ఆయుధమే యలంకరింపబడును. ఊరేగునవి వీరుల ప్రతిమలు గావు, వారి యాయుధములు. బాలచంద్రు డెట్లుండెనని యడిగినవానికి ఈ యుత్సవము కన్నును ముక్కును చూపదు, కొణతమును చూపును. వీరుని రూపము మేనినుండి యాయుధమునకు మారినది.

అట్లైనచో దానిని పట్టినవాని రూపమేమగును? అతడు కిరీటమును పెట్టుకొనడు, భుజకీర్తులను కట్టుకొనడు. అతడు రైతు కావచ్చును, కూలి కావచ్చును. అతని ముఖ మతనిదే. అయినను కొణతము చేత నున్నంతకాలము చూపరు లాతని ముఖమును గాక, అతడు మోయు వీరుని చూతురు. చివరిదినమగు కల్లిపాడున నాయుధధారులు రణమున కూలిన వీరులవలె నేలకొరగుదురు. ఒరగినవాడు పొరుగువాడని యందరికిని తెలియును. ఒరగినది వీరుడనియు నందరికిని తెలియును. ఈ రెండు తెలివులును ఒకదానినొకటి కొట్టివేయవు. నాటకమున వేషము నటుని దాచును. ఇచట నెవ్వడును దాగడు; అయినను వీరుడు కన్పట్టును.

ఇందు సాంఘికమగు విశేష మొకటి యిమిడియున్నది. బ్రహ్మనాయుడు కులభేదము లేక యందరిని నొక్క చాపపై గూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెనని కథ. బాలచంద్రుని తమ్ములనబడువారిలో బ్రాహ్మణుడగు అనపోతు మొదలు చాకలి, మంగలి, కుమ్మరి కులములవారివరకు కలరు. ఉత్సవమున మందపోరునాడు చాపకూడు నేటికిని జరుగును. వీరులకు మేనిరూపమును గల్పించినచో, ఆ మేనికి కులచిహ్నమును కల్పింపవలసివచ్చును: ఒకనికి జందెము, ఒకనికి వేరొక కట్టు, ఒకనికి గొప్పయాభరణము, ఒకనికి కొద్దిది. ఆయుధమున కట్టి చిహ్నము లేదు. కన్నమదాసు ఖడ్గమునకు మ్రొక్కువాడు మాలవానికి మ్రొక్కుచున్నాడు. ఆ మ్రొక్కునకు కులము నడ్డు పెట్టుటకు ఖడ్గమున ముఖము లేదు. నిత్యజీవితమున నీ సమానత్వ మెంతవరకు నిలిచినదన్నది వేరు ప్రశ్న. పూజారూపమున దానిని నిలిపిన యుపాయము మాత్ర మిది.

విదేశీయకావ్యములలో దీనికి సమీపమైన దొకటి కలదు. గ్రీకుకవియగు హోమరు ఇలియడ్ కావ్యమున పట్రోక్లసు తన మిత్రుడగు అకిలీసు కవచమును ధరించి రణమున కరుగగా, ట్రాయివారు వచ్చినవా డకిలీసే యని భయపడిరి. అచటను కవచమే వీరుడైనది. కాని యది శత్రువుల భ్రాంతి. హెక్టరు పట్రోక్లసును చంపి కవచమును దీసికొనుటతో భ్రాంతి తొలగినది. కారంపూడిలో భ్రాంతి లేదు. చూపరు లెవ్వరును మోసపోరు, తెలిసియే యంగీకరింతురు.

ఈ భేదము నెరుగకుండుటవలన కలుగు నష్టము స్వల్పము గాదు. చలనచిత్రమునకు ముఖము కావలెను. 1947లో వచ్చిన పల్నాటి యుద్ధమున గోవిందరాజుల సుబ్బారావు గారు బ్రహ్మనాయుడుగను, కన్నాంబ గారు నాగమ్మగను, అక్కినేని నాగేశ్వరరావు గారు బాలచంద్రుడుగను నటించిరి. 1966నాటి చిత్రమున నందమూరి తారక రామారావు గారు బ్రహ్మనాయుడు, భానుమతి గారు నాగమ్మ. అవి నటనచేత ప్రశస్తి గాంచినవే; తప్పు వానియందు లేదు. ఆ ముఖములే వీరుల ముఖములని తలచి, పాఠశాలలో బాలునకు కిరీటమును మీసమును పెట్టి ఇతడే బాలచంద్రుడని నేర్పునప్పుడు మాత్రము, పల్నాటి సంప్రదాయము చెప్పినదానికి సరిగా విపర్యాసము నేర్పబడుచున్నది. పండితు లీ కథను బోధించునపుడు వేషముతో బాటు కొణతములను గూర్చియు, వానికి జరుగు నుపచారములను గూర్చియు చెప్పినచో బాలునకు కథ సమగ్రమగును.

ఆయుధముల సంరక్షణమునందును ఈ విచారణకు ప్రయోజనము కలదు. ప్రాచీనాయుధమును ప్రదర్శనశాలలో నద్దముల పెట్టెయం దుంచుట దానిని కాపాడుటయే. లోహము చెడదు, పరిమాణము కొలువవచ్చును, కాలనిర్ణయమునకు ప్రయత్నింపవచ్చును. కాని నీరు సోకని, పసుపు పూయని, చేత పట్టని కొణతము ఇనుపయీటె మాత్రమే. కర్కోటకుని వస్త్రము స్మరణము లేనిచో వస్త్రమాత్రమైనట్లే యిదియును. కావున వీరపూజాసాధనముల వివరణము వ్రాయువారు ఆయుధముయొక్క పొడవును లోహమును మాత్రమే గాక, అది యే గ్రామమునుండి వచ్చును, ఏ వీరుని పేర పిలువబడును, ఎవ్వరు మోయుదురు, ఏదినమున నెట్టి యుపచారము జరుగునను నంశములనుగూడ చేర్చి వ్రాయవలెను. వానిని వినిపింపగల వృద్ధులు ప్రతిసంవత్సరమును తగ్గిపోవుచున్నారు. గ్రంథమున నొకపాఠము లుప్తమైనచో మరియొక ప్రతినుండి పూరింపవచ్చును. ఆచారవంతుని నోటనే యున్న పాఠమున కట్టి రెండవ ప్రతి యుండదు.