తలుపుల మెరుపు తర్వాత, సింకు కింది చెక్క ముందు

వంటిల్లు మార్చాలనుకోగానే చాలామంది ముందు అల్మరా తలుపుల రంగు ఎంచుకుంటారు. బడ్జెట్ అక్కడే దారి తప్పుతుంది. మాడ్యులర్ కిచెన్‌కు అసలు శత్రువు నీరు. అందుకే మొదటి డబ్బు గోడలోని పైపులకూ, ఓవెన్‌కు తగిన 16 ఆంపియర్ల సాకెట్‌కూ, సింకు కింది పెట్టెకూ వెళ్లాలి. ఆ పెట్టెకు ఐఎస్ 710 ప్రమాణపు ప్లైవుడ్ వాడండి; అది మరిగే నీటిలో 72 గంటల పరీక్షకు నిలవాలి. తేమను మాత్రమే తట్టుకునే చవకైన ఎంఆర్ రకానికి ఆ పరీక్ష ఉండదు. ఐఎస్ 710 ఖరీదెక్కువ కదా అంటారు. నిజమే, కానీ అన్ని అల్మరాలకూ అదే వాడమని ఎవరన్నారు? గోడకు పైన ఉండే అల్మరాలకు చవక రకం చాలు. తలుపులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గోడలో పైపు మార్చాలంటే టైల్స్ పగలగొట్టాల్సిందే. పాత గట్టు కూల్చాక బయటపడే మరమ్మతులకు పదో వంతు సొమ్ము విడిగా ఉంచండి. కొటేషన్‌లో ప్లైవుడ్ గ్రేడు రాసివ్వమని అడగండి.